రాయి సాగుతుంది, రాయి జారుతుంది

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో లాతూరు జిల్లా కిల్లారి చుట్టుపక్కల నేల కంపించి, దాదాపు 10 వేల మంది మరణించారు. షోలాపూరు తెలుగువారికి అది దూరపు ఊరేమీ కాదు. గట్టి రాతి నేల ఎందుకు కదిలింది?

బెల్లం పాకం చూడండి. వేడిగా ఉంటే తీగలా సాగుతుంది, ఆరితే పుటుక్కున విరుగుతుంది. రాయి తీరూ అంతే. భూమిలో లోతుకు పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర గ్రానైటులోని క్వార్ట్జ్ కరగకుండానే, లక్షల ఏళ్ల మీద మెల్లగా సాగడం మొదలుపెడుతుంది. అక్కడ ఒత్తిడి అంతగా పోగుపడదు. పైనున్న చల్లని రాయి అలా సాగలేదు. పగులుకు రెండు వైపులా రాళ్లు ఒరుసుకుని బిగుసుకుపోతాయి. ఒత్తిడి ఆ పట్టును మించగానే ఒక్కసారిగా జారతాయి. అదే భూకంపం.

ఈ రెండింటి మధ్య గీత గీసినట్టు హద్దు లేదు. వేడి పాకాన్నైనా గబుక్కున లాగితే తెగుతుంది కదా! పెద్ద భూకంపంలో పైనుంచి దూసుకొచ్చే జారుడు వేగానికి, సాగే రాయి కూడా కొంత లోతు వరకు పగులుతుంది. తర్వాత మళ్లీ నెమ్మదిగా సాగుతుంది.

కిల్లారిలో జారింది పై 10 కిలోమీటర్లలోని చల్లని రాయే. ప్రాణాలు తీసింది మాత్రం మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలు. రాయిని మనం ఆపలేం. గోడను గట్టిగా కట్టుకోగలం.