ఆకాశానికి ఇంటి అనుమతి

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసుకునేవాళ్ల తలల మీదుగా రోజూ విమానాలో హెలికాప్టర్లో పోతూనే ఉంటాయి. వాటిని నడిపేది నౌకాదళం వాళ్లు, ఎయిర్‌లైన్స్ వాళ్లు. అంటే అది వాళ్ల కొలువు. వారమంతా వేరే ఉద్యోగం చేసుకుని, సెలవు రోజున సొంత ముచ్చట కోసం చిన్న విమానం ఎక్కి ఓ గంట తిరిగొచ్చే మనిషి ఈ ఊళ్లో దాదాపు కనబడడు. విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఈ ముచ్చట కొత్తేమీ కాదు. 2024 మే 19న బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో అంతరిక్షపు అంచుదాకా వెళ్లొచ్చిన విజయవాడ బిడ్డ తోటకూర గోపి సీప్లేన్లు, గ్లైడర్లు, వేడిగాలి బెలూన్లు కూడా నడిపినవాడే. వైజాగ్ కుర్రాళ్లకూ ఆ ఆశ తక్కువేమీ కాదు, చోటే లేదు. మన ఊరి రన్‌వే నౌకాదళానిది. 1991 అక్టోబరు 21 నుంచి ఐఎన్ఎస్ డేగా పేరుతో నడుస్తున్న స్థావరం అది. నేర్చుకోవాలన్న కోరిక బలంగా ఉంటే హైదరాబాద్ బేగంపేటకో, మరో ఊరికో పోవాల్సిందే.

లైసెన్సు సంగతి చెప్పుకుందాం. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు 17 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి, క్లాస్ 2 వైద్య పరీక్షలో నెగ్గాలి. వాతావరణం, దిక్కులు, విమాన నిబంధనలు, యంత్రం గురించి రాత పరీక్ష ఉంటుంది. కనీసం 40 గంటలు ఎగరాలి. అందులో కొన్ని గంటలు పక్కన గురువు లేకుండా ఒంటరిగా నడపాలి. 150 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 280 కిలోమీటర్ల ఒంటరి ప్రయాణం ఒకటి తప్పనిసరి. ఈ లైసెన్సుతో డబ్బు పుచ్చుకుని ఎవరినీ ఎక్కించుకోకూడదు.

శిక్షణ విమానం గంట అద్దె పది వేల రూపాయలకు తగ్గదు. ఆపైన రైలు ఖర్చు, బస ఖర్చు. ఇంటి లోను వాయిదా, పిల్లల ఫీజులు, వానాకాలం వచ్చేలోగా వేయించాల్సిన శ్లాబు మరమ్మతు ఉన్న ఇంట్లో ఈ మాటెత్తితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అయినా డబ్బు లెక్క ఏదో ఒకనాటికి తేలుతుంది, తేలనిది ఆదివారాల లెక్క. పైలట్ నైపుణ్యానికి తుప్పు పట్టకుండా ఉండాలంటే తరచూ ఎగరాలి. అమెరికాలో గడచిన 90 రోజుల్లో మూడుసార్లయినా ఎక్కి దిగకపోతే పక్కన మనిషిని ఎక్కించుకోవడానికి వీల్లేదు. మూడు నెలలకోసారి దొరికే ఖాళీతో ఈ పని నడవదని ఇంట్లోవాళ్లకు మొదటి రోజే చెప్పడం న్యాయం.

భయం సంగతీ దాచకూడదు. చిన్న విమానం అనగానే తెలుగు ఇళ్లలో ముందుగా తలుచుకునేది సినీ నటి సౌందర్యను. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన సెస్నా, నేల విడిచిన కాసేపటికే కూలింది. ఆమె, ఆమె అన్న అమర్‌నాథ్ అందులోనే పోయారు. ఆ తలపు ఉన్న తల్లికి, భార్యకు "ఏమీ కాదులే" అంటే సరిపోదు. ఏమేం జరగవచ్చో, దానికి తాను ఏం చేస్తాడో విప్పి చెప్పాలి.

ఈ విషయంలో హార్బర్ కుటుంబాలు మనకంటే ముందున్నాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఇంజిన్ విప్పించడం, చెక్క మార్పించడం, రంగు వేయించడం అన్నీ ఆ రోజుల్లోనే. పిల్లల సెలవులూ పెళ్లిళ్లూ వచ్చేదీ అప్పుడే. బోటు పని, ఇంటి పని ఒకే క్యాలెండర్లో సర్దుకోవడం వాళ్లకు అలవాటు. పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగిరితే ఏం చేయాలో, పదో నంబరు అంటే ఏమిటో ఇంట్లో ఆడవాళ్లకూ తెలుసు. సముద్రం మీదికి వెళ్లే మనిషి ప్రమాదాన్ని ఇల్లంతా అర్థం చేసుకుంటుంది కాబట్టే, "ఇవాళ వద్దు" అనే మాట ఆ ఇళ్లలో పిరికితనంగా వినిపించదు.

సరదా పైలట్‌కు అన్నిటికంటే అవసరమైన మాట అదే. అది అనలేకపోతే ఏమవుతుందో 1999 జులై 16 రాత్రి ప్రపంచం చూసింది. అమెరికా మాజీ అధ్యక్షుడి కొడుకు జాన్ కెనెడీ జూనియర్ తన సొంత పైపర్ సరటోగాలో భార్యను, ఆమె అక్కను ఎక్కించుకుని బయల్దేరాడు. మర్నాడు చుట్టాలమ్మాయి పెళ్లి. అతని అనుభవం దాదాపు 310 గంటలు. చీలమండ విరిగి వేసిన కట్టు ముందురోజే విప్పారు. బయల్దేరేసరికి పొద్దు గుంకింది. తోడు వస్తానని ఒక శిక్షకుడు అడిగితే ఒంటరిగానే వెళ్తానన్నాడు. మార్తాస్ విన్‌యార్డ్ దీవి దగ్గర విమానం సముద్రంలో పడి ముగ్గురూ చనిపోయారు. యంత్రంలో లోపమేదీ దొరకలేదు. చీకట్లో, మసక గాలిలో, నీటి మీద ఎగురుతూ పైలట్ దిక్కు తెలియని స్థితిలో పడ్డాడని దర్యాప్తు తేల్చింది.

ఆ స్థితి ఎలా వస్తుందో ప్రతి తీరవాసీ తెలుసుకోవాలి. మన లోపలి చెవిలో మూడు వంపు నాళాలు, వాటిలో ద్రవం ఉంటాయి. తల తిరిగితే ద్రవం వెనకబడుతుంది, ఆ తేడాను బట్టే తిరుగుతున్నామని మెదడుకు తెలుస్తుంది. విమానం ఒకే వేగంతో మెల్లగా వంగి తిరుగుతూ పోతే కాసేపటికి ద్రవం కూడా నాళంతో సమంగా తిరుగుతుంది. అప్పుడు తిన్నగా పోతున్నట్టే అనిపిస్తుంది. పగలైతే సముద్రమూ ఆకాశమూ కలిసే గీత కనబడి ఆ పొరపాటును కన్ను దిద్దుతుంది. చీకట్లో, మసకలో ఆ గీత ఉండదు. శరీరం చెప్పిందే నమ్మిన పైలట్ విమానాన్ని తిన్నగా పెట్టబోయి ఇంకా వంచుతాడు, అది సుడి తిరుగుతూ కిందికి దిగుతుంది. రాత్రి వేట ముగించుకొచ్చే సరంగుకు కాళ్ల కింద నీరు మోసే బోటుంది, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలుగుంది. ఆకాశంలో ఉన్నవాడికి నమ్మదగినవి ఎదుట ఉన్న మీటర్లు మాత్రమే. వాటిని చూసి నడపడానికి వేరే శిక్షణ, వేరే అర్హత కావాలి. మన దేశంలో సాధారణంగా, కంటిచూపు మీద ఆధారపడి ఎగిరే విమానం సూర్యాస్తమయమైన 20 నిమిషాలకల్లా నేల మీద ఉండాలి. తీరం నుంచి 100 నాటికల్ మైళ్లు దాటకూడదు. ఈ నియమాలు కొందరికి చాదస్తంగా తోస్తాయి గానీ నాకు అవి ప్రాణాలిచ్చి నేర్చుకున్న పాఠాల్లాగే కనిపిస్తాయి.

ఎగిరే ముందు పైలట్లు తమను తాము అడుక్కునే ఆరు ప్రశ్నలున్నాయి. ఒంట్లో నలతగా ఉందా? ఏవైనా మందులు వేసుకున్నానా? ఒత్తిడిలో ఉన్నానా? మద్యం తాగానా (మన నియమం ప్రకారం 12 గంటల ముందు నుంచీ ముట్టకూడదు)? అలసట ఉందా? మనసు కలతగా ఉందా? వీటిలో సగానికి పైగా జవాబులు అతనికంటే ముందు ఇంట్లోవాళ్లకే తెలుస్తాయి. పిల్లకు జ్వరమొచ్చి రాత్రంతా మేలుకున్న తండ్రి పొద్దున బాగానే ఉన్నాననుకుంటాడు. భార్య మాత్రం అతని ముఖం చూసి చెప్పేస్తుంది. ఆమె వద్దంటే మారు మాట్లాడకుండా ఆగాలన్నది పెళ్లయిన ప్రతి పైలట్ పెట్టుకోవాల్సిన నియమమని నా గట్టి నమ్మకం.

ఇల్లు తోడుంటే ఎంత పని జరుగుతుందో చూడండి. ముంబయి కాందివలీలో అమోల్ యాదవ్ అపార్ట్‌మెంట్ డాబా మీద ఆరుగురు కూర్చునే విమానం కట్టాడు. 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శన కోసం దాన్ని విడగొట్టి క్రేన్‌తో కిందికి దించారు, మరుసటి ఏడాది రిజిస్ట్రేషన్ దక్కింది. ఆయన వృత్తిరీత్యా పైలటే అయినా ఆ కట్టడం ఇంట్లోవాళ్ల ఓర్పు లేకుండా జరిగేది కాదు. కేరళ నుంచి వెళ్లి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ ఇంజినీరు అశోక్ తామరాక్షన్ కోవిడ్ రోజుల్లో కిట్ తెప్పించుకుని నాలుగు సీట్ల విమానం కట్టాడు. దానికి చిన్న కూతురి పేరు పెట్టి, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని యూరప్ తిరిగాడు.

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట వచ్చిన విమానాశ్రయం ప్రయాణికుల కోసం. ఉత్తరాంధ్రకు దానితో పాటు ఓ చిన్న రన్‌వే, రెండు మూడు శిక్షణ విమానాలు ఉన్న ఫ్లయింగ్ క్లబ్బు కూడా కావాలని ప్రభుత్వాన్ని అడుగుదాం. జాలరిపేట పిల్ల కూడా అందులో చేరగలిగేలా ఫీజు రాయితీ ఉండాలి. ఈలోగా ఎక్కడైనా చేరాలనుకునేవాళ్లు ఫీజు కట్టకముందే క్లాస్ 2 వైద్య పరీక్ష చేయించుకోండి. రంగుల గుర్తింపులోనో గుండె పరీక్షలోనో తేడా వస్తే కట్టిన డబ్బు వెనక్కి రావడం కష్టం.