బడిగంట చెప్పిన పాఠం

పిల్లలూ! నేను పనిచేసిన బడిలో గంటకు బదులు రైలుపట్టా ముక్క ఒకటి వేపచెట్టుకు వేలాడుతూ ఉండేది. దానిని ఇనుప కడ్డీతో కొట్టి మెల్లగా వేలు ఆనిస్తే, వేలు జివ్వుమనేది. గట్టిగా పట్టుకుంటే మోత అణగిపోయేది. ఎందుకని? వస్తువు అదిరితేనే శబ్దం పుడుతుంది గనుక. ఇంట్లో కంచు పళ్లెంతో మీరూ ఈ పరీక్ష చేసి చూడవచ్చు.

పట్టా అదిరితే దానిని అంటి ఉన్న గాలీ అదురుతుంది. ఆ అదురు అలలు అలలుగా సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో వచ్చి, చెవిలోని కర్ణభేరి అనే పలుచని పొరను తాకుతుంది. దాని వెనుక సుత్తి, దాగలి, అంకవన్నె అనే మూడు ఎముకలు గొలుసుగా ఉన్నాయి. అంకవన్నె మన ఒంట్లోకెల్లా చిన్న ఎముక. బియ్యపుగింజలో సగం ఉంటుంది. ఇవి అదురును లోపలి చెవికి అందిస్తాయి. అక్కడ నత్తగుల్ల వంటి గొట్టంలో నీరువంటి ద్రవమూ, సుమారు 15,000 రోమకణాలూ ఉన్నాయి. ద్రవం కదలగానే, గాలికి పైరు వంగినట్లు రోమాలు వంగుతాయి. వెంటనే నాడి ద్వారా మెదడుకు కబురు పోతుంది. అప్పుడు మనం "గంట కొట్టారు" అనుకుంటాం!

ఈ దారిలో ఎక్కడ అడ్డు వచ్చినా వినికిడి తగ్గుతుంది. ఆ సంగతి నాకు ఒక విద్యార్థి వల్ల తెలిసివచ్చింది. చివరి బల్లమీద కూర్చునే ఆ అబ్బాయి పిలిస్తే పలికేవాడు కాడు. పెంకితనం అనుకొని ఎన్నోసార్లు నిలబెట్టాను. ఒకనాడు వాళ్లమ్మ వచ్చి, "మేష్టారూ, వాడికి చిన్నప్పటినుంచీ ఎడమచెవిలో చీము కారుతుందండీ. ఆ పక్కనుంచి పిలిస్తే వినబడదు" అన్నది. నాకు సిగ్గు వేసింది. కుడిచెవి నావైపు ఉండేటట్లు అతన్ని ముందు బల్లకు మార్చాను. డాక్టరు చూసి, కర్ణభేరికి చిల్లు పడిందని చెప్పి వైద్యం చేశారు. నేను నిలబెట్టిన పిల్లవాడే, ఆ తరువాత ప్రశ్నలడిగి నన్ను నిలబెట్టాడు!

మరొక సంగతి. మోత మరీ ఎక్కువైతే రోమకణాలు చచ్చిపోతాయి. గోరు ఊడితే మళ్లీ వస్తుంది గాని, మనుషులకు ఇవి మళ్లీ మొలవవు. మామూలు మాట సుమారు 60 డెసిబెల్లు. 85 దాటిన మోతలో రోజూ గంటల తరబడి ఉంటే చెవికి ముప్పు. ఈ కొలతలో 10 పెరిగిందంటే శబ్దశక్తి 10 రెట్లయినట్లు! కాబట్టి దీపావళినాడు టపాకాయలకు దూరంగా నిలబడండి. ఇయర్‌ఫోన్ల మోత తగ్గించండి.

పెద్దలకు ఒక మాట. పిల్లల చెవిలో కాచిన నూనె పోయకండి. పిన్నీసులు పెట్టి తిప్పకండి. చీము కారితే డాక్టరుకు చూపించండి. పిలిస్తే పలకని పిల్లవాణ్ణి కోప్పడేముందు, వాడికి వినబడిందో లేదో తెలుసుకోండి.