రెండో శ్రేణి లీగ్‌లో ఒక క్లబ్ ప్రస్థానం: శ్రీనిధి దక్కన్ ఫుట్‌బాల్ క్లబ్

1. లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
- లీగ్ శ్రేణులు, ప్రమోషన్ అనే భావనలను వివరించగలుగుతారు.
- శ్రీనిధి దక్కన్ క్లబ్ ఫలితాలను పాయింట్ల ఆధారంగా విశ్లేషించగలుగుతారు.
- క్లబ్‌కూ ఊరికీ ఉండే సంబంధాన్ని గురించి మీ సొంత అభిప్రాయం చెప్పగలుగుతారు.

2. ఉపోద్ఘాతం

నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ సంక్రాంతి సెలవుల్లో జరిగే కబడ్డీ పోటీలు మీరు చూసే ఉంటారు. అక్కడ ఓడిన జట్టు ఇంటికి వెళ్తుంది, గెలిచిన జట్టు తరవాతి ఆటకు మిగులుతుంది. దీనిని నాకౌట్ పద్ధతి అంటాం. లీగ్ పద్ధతి ఇందుకు భిన్నం. ప్రతి జట్టు మిగిలిన అన్ని జట్లతోనూ ఆడుతుంది. గెలుపుకు 3 పాయింట్లు, సమానమైన ఆటకు 1 పాయింటు, ఓటమికి సున్న. నెలల తరబడి కూడిన పాయింట్లే చివరి స్థానాన్ని నిర్ణయిస్తాయి. ఒక్క రోజు అదృష్టం ఇక్కడ సరిపోదు.

దేశంలోని లీగ్‌లు మెట్ల వంటివి. భారతదేశంలో పై మెట్టు ఇండియన్ సూపర్ లీగ్. ఇది 2014లో మొదలైంది. 2023-24 నాటికి దాని కింది మెట్టు ఐ-లీగ్. ఇది 2007లో మొదలై, మొదట దేశంలోని అత్యున్నత లీగ్‌గా ఉండేది. కింది మెట్టు విజేతను పై మెట్టుకు పంపడాన్ని ప్రమోషన్ అంటారు. ఐ-లీగ్ విజేతకు ఈ అవకాశం 2022-23 సీజన్ నుంచి లభించింది. ఈ ఒక్క నియమం మన పక్కనే ఉన్న ఒక క్లబ్ భవితవ్యాన్ని ఎలా ప్రభావితం చేసిందో ఇప్పుడు చూద్దాం.

3. నేపథ్యం: హైదరాబాద్ ఫుట్‌బాల్

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ ప్రాంతం నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం వంటి ఆటగాళ్లు ఆ తరం వారే.

ఆ కాలపు క్లబ్ నిర్మాణాన్ని మీరు గుర్తుపెట్టుకోవాలి. జట్టును ఒక ప్రభుత్వ శాఖ నడిపేది. ఆటగాడికి ఆ శాఖలో ఉద్యోగం ఉండేది. ఆట ఆగినా జీతం ఆగేది కాదు. నేటి వృత్తి క్లబ్‌లో ఆటగాడు ఒప్పందంపై ఉంటాడు. ఒప్పందం ముగిస్తే జీతమూ ముగుస్తుంది. అందుకే క్లబ్ ఏ శ్రేణిలో ఆడుతుందనేది ఆటగాడి బతుకుతెరువుకు సంబంధించిన విషయం కూడా.

4. శ్రీనిధి దక్కన్ ప్రస్థానం

ఈ క్లబ్ 2015లో విశాఖపట్నంలో ఏర్పడింది. 2020లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య దీనికి ఐ-లీగ్‌లో నేరుగా ప్రవేశం మంజూరు చేసింది. 2021-22లో తొలిసారి ఆడింది. కోవిడ్ కారణంగా ఆ సీజన్ మ్యాచ్‌లన్నీ పశ్చిమ బెంగాల్‌లోని మైదానాల్లోనే జరిగాయి. అంటే మొదటి సంవత్సరం సొంత ఊరి ప్రేక్షకుడు లేకుండానే గడిచింది. 2022-23 నుంచి హైదరాబాద్ శివారులోని అజీజ్‌నగర్‌లో ఉన్న దక్కన్ ఎరీనా సొంత మైదానం అయింది. అదే సీజన్‌లో పోర్చుగల్‌కు చెందిన కార్లోస్ వాజ్ పింటో శిక్షకుడుగా వచ్చాడు.

మొదటి మూడు సీజన్ల ఫలితాలు ఇవి:

- 2021-22: 18 మ్యాచ్‌లు, 32 పాయింట్లు, మూడో స్థానం. విజేత గోకులం కేరళ.
- 2022-23: 22 మ్యాచ్‌లు, 42 పాయింట్లు, రెండో స్థానం. విజేత రౌండ్‌గ్లాస్ పంజాబ్ (52 పాయింట్లు).
- 2023-24: 24 మ్యాచ్‌లు, 48 పాయింట్లు, రెండో స్థానం. విజేత మహమ్మదన్ స్పోర్టింగ్ (52 పాయింట్లు).

మ్యాచ్‌ల సంఖ్య ప్రతి ఏడాదీ మారింది కాబట్టి పాయింట్లను నేరుగా పోల్చకూడదు. మ్యాచ్‌ల సంఖ్యను 3తో గుణిస్తే సాధించగల గరిష్ఠ పాయింట్లు వస్తాయి. మొదటి ఏడాది 54కు 32, అంటే సుమారు 59 శాతం. రెండో ఏడాది 66కు 42, సుమారు 64 శాతం. మూడో ఏడాది 72కు 48, సుమారు 67 శాతం. జట్టు ఏటికేడు మెరుగుపడిందని ఈ లెక్క తెలుపుతుంది. పట్టికలోని స్థానం ఒక్కటే చూస్తే రెండు, మూడు సీజన్ల మధ్య తేడా కనిపించదు.

5. రెండో స్థానం విలువ ఎంత?

2022-23 విజేత పంజాబ్ జట్టు, 2023-24 విజేత మహమ్మదన్ జట్టు సూపర్ లీగ్‌కు వెళ్లాయి. రెండుసార్లూ రెండో స్థానంలో నిలిచిన శ్రీనిధి ఉన్నచోటే ఉండిపోయింది. 2023-24లో తేడా నాలుగు పాయింట్లే. 24 మ్యాచ్‌ల సుదీర్ఘ సీజన్‌లో అది రెండు మ్యాచ్‌ల ఫలితం పాటి తేడా. అయినా పై శ్రేణికి వెళ్లే తలుపు ఒక్కటే, అందులో పట్టేది ఒక్కరే.

రెండు శ్రేణుల మధ్య ఆటలో అంతరం ఎంత అని మీకు సందేహం కలగవచ్చు. 2023 ఏప్రిల్‌లో కోఝికోడ్‌లో జరిగిన సూపర్ కప్‌లో శ్రీనిధి పై శ్రేణి జట్టయిన కేరళ బ్లాస్టర్స్‌ను 2-0తో ఓడించింది. ఒక్క మ్యాచ్‌తో రెండు శ్రేణులూ సమానమని తేల్చలేం. కానీ శ్రేణి పేరు ఒక్కటే జట్టు శక్తికి కొలత కాదని మాత్రం చెప్పవచ్చు.

అమెరికాలో పరిస్థితిని దీనితో పోల్చండి. అక్కడి మేజర్ లీగ్ సాకర్‌లోకి ఆట గెలిచి వెళ్లే దారి లేదు. ప్రవేశ రుసుము చెల్లించగల యజమానులు కావాలి, లీగ్ ఆమోదం కావాలి. సాక్రమెంటో రిపబ్లిక్ అనే కింది శ్రేణి క్లబ్ 2014లో తన లీగ్ టైటిల్ గెలిచింది. 2019లో దానికి మేజర్ లీగ్ ప్రవేశం ప్రకటించారు. ప్రధాన పెట్టుబడిదారు తప్పుకోవడంతో 2021లో ఆ ప్రయత్నం ఆగింది. మరుసటి ఏడాదే ఆ క్లబ్ యు.ఎస్. ఓపెన్ కప్ ఫైనల్ వరకు చేరింది. మైదానంలో అర్హత ఉంది, ధనబలం కుదరలేదు. మన దగ్గర తలుపు ఇరుకు, అక్కడ తలుపుకు తాళం.

6. క్లబ్ ఎవరిది?

పై శ్రేణిలో ఉన్నంత మాత్రాన క్లబ్ నిలుస్తుందనీ చెప్పలేం. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో ఓడించి సూపర్ లీగ్ విజేత అయింది. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పాలమూరు వారికి వలస అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. మనిషి వలస వెళ్తే ఇంటి తలుపుకు తాళం ఉంటుంది, ఏదో ఒకనాడు తిరిగి వస్తాడన్న ఆశ ఉంటుంది. క్లబ్ వలస వెళ్తే పేరు కూడా మిగలదు. ఆ జట్టు ఆట చూసి బంతి పట్టిన పిల్లవాడు మిగులుతాడు.

కనుక ఒక క్లబ్‌ను అంచనా వేసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. దాని ఫలితాలు మెరుగుపడుతున్నాయా? మైదానం, యువజట్లు దాని చేతిలో ఉన్నాయా? చుట్టుపక్కల జిల్లాల పిల్లలకు అందులో చోటు ఉందా? మొదటి ప్రశ్నకు జవాబు పట్టికలో దొరుకుతుంది. మిగిలిన రెండింటికి మీరు మైదానం దాకా వెళ్లాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ విద్యార్థులకు అజీజ్‌నగర్ ఒక రోజులో వెళ్లిరాగల దూరమే.

7. సారాంశం

శ్రీనిధి దక్కన్ మూడు సీజన్లలో వరసగా మెరుగుపడినా, విజేత ఒక్కరికే ప్రమోషన్ దక్కే నియమం వల్ల రెండో శ్రేణిలోనే కొనసాగింది. అమెరికాలో ప్రవేశాన్ని పెట్టుబడి నిర్ణయిస్తే, ఇక్కడ తొలి స్థానం నిర్ణయిస్తుంది. రెండు చోట్లా క్లబ్ మనుగడ చివరికి యజమాని ఓపికపైనా, ఊరి ఆదరణపైనా ఆధారపడి ఉంటుంది.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నాకౌట్, లీగ్ పద్ధతుల మధ్య తేడాను మీ ఊరి పోటీల ఉదాహరణతో వివరించండి.
2. 20 మ్యాచ్‌లలో 39 పాయింట్లు సాధించిన జట్టు గరిష్ఠ పాయింట్లలో ఎంత శాతం పొందింది? దీనిని శ్రీనిధి 2022-23 ఫలితంతో పోల్చండి.
3. మొదటి రెండు జట్లకూ ప్రమోషన్ ఇస్తే కలిగే లాభనష్టాలను చర్చించండి.