ఎండ కరువైన దీవుల్లో నరాల జబ్బు

స్కాట్లండుకి ఉత్తరాన ఆర్క్‌నీ అని కొన్ని దీవులున్నాయి. నడి చలికాలంలో అక్కడ పగలు ఆరుగంటలే. ఆ కాస్త ఎండా ఏటవాలుగా పడుతుంది కాబట్టి ఒంట్లో విటమిన్ డి తయారయ్యేంత సత్తువ దానికుండదు. ఈ దీవుల్లో లక్షకి 402 మందికి మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే జబ్బు ఉన్నట్టు 2012లో లెక్క తేలింది. అప్పటికి లోకంలో ఇంకెక్కడా అంత ఎక్కువ నమోదు కాలేదు.

ఏమిటీ జబ్బు? మన మిక్సీ వైరునే చూడండి. లోపల రాగితీగ, పైన ప్లాస్టిక్ తొడుగు. మెదడులో, వెన్నుపాములో నరాలకీ అలాంటి కొవ్వు తొడుగు ఒకటుంది. రోగాలతో పోరాడాల్సిన రక్షణశక్తే దారితప్పి ఆ తొడుగుని తినేస్తుంది. కంచే చేను మేసినట్టన్నమాట! దాంతో ఒకరికి కన్ను మసకబారుతుంది, ఒకరికి కాళ్లు తిమ్మిరెక్కి తడబడతాయి, ఇంకొకరికి గిన్నె ఎత్తలేనంత నీరసం. ఎక్కువగా 20-40 ఏళ్ల మధ్య, అంటే చంకలో బిడ్డ ఉండే వయసులోనే మొదలవుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకే రెండుమూడు రెట్లు ఎక్కువ. ఇంట్లోవాళ్లు "బద్ధకం" అని కొట్టిపారేసే నీరసాల్లో ఇదీ ఒకటి కావచ్చు సుమండీ.

మరి ఇది వంశపారంపర్యమా? కొంతవరకే. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికొస్తే, రెండోవాళ్లకి వచ్చే అవకాశం నాలుగోవంతు. అంతా జన్యువుల్లోనే ఉంటే ఇద్దరికీ రావాలి కదా! ఈ జబ్బుతో గట్టి సంబంధమున్న జన్యువు ఒకటుంది. దాని పక్కనే విటమిన్ డి ప్రభావం చూపే చోటు ఉందని 2009లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు కనిపెట్టారు. అమెరికా సైనికుల దగ్గర తీసి దాచిన రక్తాన్ని పరీక్షిస్తే, తెల్లవాళ్లలో డి ఎక్కువున్నవాళ్లకి ఈ జబ్బు తక్కువగా వచ్చిందని 2006లో తెలిసింది. పుట్టుకతో వచ్చిన జన్యువుల వల్లే డి తక్కువుండేవాళ్లకి ముప్పు ఎక్కువని 2015లో ఇంకో పరిశోధన చెప్పింది.

ఎండలు మండే మన దేశంలో ఈ జబ్బు తక్కువే. అలాగని మన ఒంట్లో డి పుష్కలంగా ఉందనుకుంటే పొరపాటు. తిరుపతి స్విమ్స్ పరిశోధకులు 2007లో వెల్లడించిన అధ్యయనంలో పట్నం వాళ్లకీ, పల్లెటూరి వాళ్లకీ కూడా లోటు కనబడింది. (వడియాలు పెట్టడానికి మేడెక్కడం మానేశాక మనకీ ఎండ కరువే!) పోనీ, మన జన్యువులే కాపాడుతున్నాయా అంటే అదీ కాదు. మనవైపు నుంచి ఇంగ్లండు వెళ్లినవాళ్లకి అక్కడ పుట్టిన పిల్లల్లో ఈ జబ్బు ఇంచుమించు ఆ దేశస్థులకి వచ్చినంతగానే వస్తోందని 1990లో బయటపడింది. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ పాత్ర కూడా గట్టిగా ఉందని 2022లో తేలింది. కాబట్టి నెపమంతా ఒక్క డి మీదే వెయ్యలేం.

జబ్బు వచ్చాక డి మాత్రలిచ్చి చూస్తే, కొన్ని పరీక్షల్లో మేలు కనిపించింది, కొన్నిట్లో లేదు. అందుకని డాక్టరిచ్చిన మందులు మానేసి ఎండలో కూర్చోవద్దు. పక్కింటావిడ వేసుకుంటోందని మాత్రలు మింగొద్దు. డి మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పిన మోతాదే వాడాలి.

చలిదేశంలో కాపురముంటున్న మీ అమ్మాయి ఫోనులో "అమ్మా, ఒక కన్ను మసగ్గా ఉందే, కదిపితే నొప్పి" అంటే, నిద్ర చాలక అయ్యుంటుందిలే అనకండి. వెంటనే డాక్టరుకి చూపించుకోమని చెప్పండి.