తంగేడు బెరడు

వేసవి యెండలకు పొలముగట్లన్నియు బోసిపోయినను తంగేడు పొద మాత్రము పచ్చగనే నిలిచియుండును. వినుకొండ, మార్కాపురము ప్రాంతముల గులకమెట్టలలో పసుపుపచ్చని పూగుత్తులతో కనుపించు ఈ పొదను ఎఱుగని శ్రోతలుండరు. తెలంగాణము 2014లో దీనిని తన రాష్ట్రపుష్పముగ స్వీకరించినది. పూవు నందఱు నెఱుగుదురు. బెరడు చేసిన మేలు నెఱిగినవారు కొలదిమందియే.

పచ్చితోలు నీట నానిన త్వరలోనే క్రుళ్లును. తంగేడు బెరడులో నూటికి సుమారు 15 నుండి 20 పాళ్లు టానిన్ అను వగరు పదార్థము గలదు. అది చర్మములోని మాంసకృత్తులతో కలిసి బిగిసి, క్రుళ్లు నడ్డగించును. రసాయనశాస్త్రము ఈ సంగతిని వివరింపకమునుపే మన గ్రామముల మాదిగ వృత్తికారులు దీనిని పనిలో కనుగొనిరి. వారు తోలును సున్నపునీట నానవైచి, వెండ్రుకలు గీచి, కడిగి, దంచిన తంగేడు బెరడు కషాయములో నుంచెడివారు. కషాయమున సారము తగ్గినకొలది క్రొత్త బెరడు చేర్చుచు, తోలు లోపలివరకు పదునెక్కువఱకు వేచియుండెడివారు.

ఆ తోలే చెప్పులైనది, ఎద్దుల పగ్గములైనది, బావినీరు తోడు కపిలకు తొండమైనది. పంపులు రాకమునుపు మెట్టలలో కపిల క్రింద సాగైన తోటలకు నీరు ఆ తొండముగుండనే పారినది. ఆ నీటితో పండిన పంటను ఇంటికి చేర్చుకొన్నవారు, ఆ తోలు చేసినవారిని మాత్రము గడప దాటనీయలేదు.

1903లో మదరాసునందు ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ క్రోము ఉప్పులతో తోలు పదునుచేయు ప్రయత్నము లారంభించెను. కపిలలకు ఎక్కువకాలము మన్ను తోలును సమకూర్చుట ఆయన ఉద్దేశములలో నొకటి. తరువాత దక్షిణాఫ్రికానుండి వాటిల్ అను తుమ్మజాతి చెట్టు బెరడు దిగుమతి యయ్యెను. పిమ్మట పంపులు వచ్చి కపిలలే మూలబడెను. తంగేడు బెరడుకు గిరాకి తగ్గినది. దానితో గ్రామములలోని విద్యయు సన్నగిల్లినది.

తంగేడు నేటికిని నిరుపయోగము కాదు. దాని రొట్ట పొలమునకు పచ్చియెరువు. దాని వేళ్లు గట్టును పట్టి నిలుపును. కొమ్మలు నరికినను మరల చిగుర్చును. చేతివిద్య యట్లు తనంత చిగుర్పదు. మీ గ్రామములో తంగేడుతో తోలు పదునుచేసిన వృద్ధులున్నచో, బెరడెంత, నీరెంత, దినములెన్నియని వారినడిగి, వారి పేరుతోనే వ్రాసియుంచుడు.