తీగలు మార్చండి, డ్రమ్మును కాదు

పోయిన సెమిస్టర్ మా హాస్టల్‌కి ఒక పాత స్నేర్ డ్రమ్ వచ్చింది. ఫ్రెండ్ వాళ్ల బాబాయి అమెరికా నుంచి తెచ్చిన లుడ్విగ్ సుప్రాఫోనిక్, 1970ల నాటిది. కొడితే "టక్" మనాల్సింది పోయి, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసినట్టు "జర్ర్ర్" మంది. కింద తీగలు సాగిపోయాయి. ఆన్‌లైన్‌లో తెప్పించిన కొత్తవేమో సరిగ్గా కూర్చోలేదు. "వర్క్‌షాప్‌లో డ్రిల్లింగ్ మెషిన్ ఉందిగా, రెండు కన్నాలు పెట్టి కొత్త స్ట్రెయినర్ బిగించేద్దాం" అన్నాడొకడు. అదృష్టం బాగుండి ఆ పని ఆ రోజు జరగలేదు.

స్నేర్ అంటే ఏంటో ముందు చూద్దాం. తంబురా తీగ కింద చిన్న నూలుపోగు పెడితే నాదానికి ఆ ఝుమ్ వస్తుంది కదా, ఇదీ కొంచెం అలాంటిదే. పైన కర్రతో కొట్టగానే లోపలి గాలి కింది హెడ్‌ని కదిలిస్తుంది. ఆ హెడ్ చాలా పల్చన, మామూలుగా 3 మిల్, అంటే మిల్లీమీటరులో పదమూడో వంతు. దాన్ని ఆనుకుని ఉన్న స్ప్రింగుల్లాంటి ఉక్కు తీగలు ఎగిరి పడి మళ్లీ తగులుతాయి. మనకి వినపడే ఆ చరచర అదే.

కొత్తవి కొనే ముందు పాతవాటిని ఒకసారి చూడండి. డ్రమ్ము తిరగేసి, తీగలకీ హెడ్‌కీ మధ్య వెలుతురు ఎక్కడ కనిపిస్తుందో గమనించండి. ఒక్క తీగే వంగి ఉంటే దాన్ని రెండు చివర్లా ప్లేటు దగ్గరకి కత్తిరిస్తే చాలు. తీగలన్నీ సాగిపోయి ఉంటేనే సెట్టు మార్చాలి. ఇంకోమాట, పక్కన టామ్ కొట్టినప్పుడు స్నేర్ గీ మంటే అది రెజొనెన్స్. తీగలు మార్చినంత మాత్రాన పోదు.

ఇక ఎంపిక. మొదట పొడవు. 14 అంగుళాల డ్రమ్ములన్నిటికీ ఒకే సెట్టు సరిపోతుందనుకోవద్దు. సుప్రాఫోనిక్ పక్కన అదే కంపెనీ సూపర్ సెన్సిటివ్‌ని పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ మొదటిదానికి షెల్ లోపలే ఆగే మామూలు తీగలు, రెండోదానికి షెల్ దాటి బయటికొచ్చే పొడుగు తీగలు. రోజర్స్ డైనాసోనిక్‌లో అయితే తీగలు ఒక ఫ్రేములో బిగించి ఉంటాయి. మోడల్ పేరు చూడకుండా ఆర్డర్ పెడితే డబ్బులు బూడిదలో పోసినట్టే.

రెండోది వెడల్పు. మేం బోల్తా పడింది ఇక్కడే. షెల్ కింది అంచులో తీగలు దాటే రెండు చోట్ల కొద్దిగా అరగదీసిన పల్లం ఉంటుంది. దాన్ని స్నేర్ బెడ్ అంటారు. హెడ్ తీసి షెల్‌ని గాజు బల్ల మీద పెట్టి లోపల ఫోన్ లైటు వేస్తే, వెలుతురు కారే మేర ఆ పల్లం వెడల్పు. ప్లేటు దానికన్నా వెడల్పైతే అంచులు గట్టుమీద ఆని, మధ్య తీగలు గాల్లో ఉండిపోతాయి. మేం "ఎక్కువ తీగలు, ఎక్కువ సౌండు" అనుకుని 42 తీగల సెట్టు తెప్పించాం. అదీ సంగతి.

సాధారణంగా వాడేది 20. 12, 16 అయితే చరచర తగ్గి డ్రమ్ము అసలు గొంతు తెలుస్తుంది. 30, 42 అయితే తీగల మోతే ముందుకొస్తుంది, పైగా బరువు వల్ల మెల్లగా కొట్టినప్పుడు త్వరగా పలకవు.

మూడోది కట్టే విధానం. తాడైనా, పల్చని ప్లాస్టిక్ పట్టీ అయినా పాత స్ట్రెయినర్ స్క్రూల కింద ఇమడాలి, హూప్‌లోని సందులో రాసుకోకుండా దూరాలి. రెండు వైపులా సమానంగా లాగి కట్టాలి. మరీ బిగిస్తే హెడ్ గొంతు నొక్కేసినట్టవుతుంది.

తీగలు అరిగిపోయే సరుకు, సైకిల్ బ్రేక్ షూలలాగా. నచ్చకపోతే రేపు ఇంకో సెట్టు. యాభై ఏళ్ల షెల్‌కి పెట్టిన కన్నాన్ని మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేరు. కొత్త భాగం పాతదానికి సరిపోకపోతే, మార్చాల్సింది కొత్తదాన్నే.

చివరికి మామూలు 20 తీగల సెట్టు వేశాం. డ్రమ్ము "టక్" మంది. డ్రిల్లింగ్ మెషిన్ వర్క్‌షాప్‌లోనే ఉంది.