మీకు తెలుసా? కాపీ అయిపోయిందంటే అయిపోయినట్టు కాదు

హైదరాబాద్‌లోని ఏ.ఎస్. రావు నగర్‌కు ఆ పేరు 1967లో ఏర్పడ్డ ఈసీఐఎల్‌ వ్యవస్థాపకుడు అయ్యగారి సాంబశివరావు వల్ల వచ్చింది. ఆ సంస్థ అందించిన టీడీసీ-12 కంప్యూటర్‌ (1969) కాలంలో మెమరీని కిలోబైట్లలో లెక్కపెట్టుకునేవారు. ఇప్పుడు గిగాబైట్లున్నా పొదుపు తప్పలేదు, మెమరీని వాడే తీరు వల్ల చిక్కులూ తప్పలేదు!

జిరాక్స్ షాపులో లైనక్స్ కంప్యూటర్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఫైలు పంపితే, ‘పూర్తయింది’ అని కనిపించినా కొంత డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. మామూలు సెట్టింగుల్లో అలాంటి డేటా 30 సెకన్లు పాతబడేదాకా ఆగగలదు. ‘ఎజెక్ట్’ కొట్టకుండా లాగేస్తే ఫైలు చెడేది అందుకే. ఖాళీ ర్యామ్ తక్కువుందని కంగారు పడేవాళ్లున్నారు. నిజానికి వాడుకలో ఉన్నట్టు కనిపించే ర్యామ్‌లో చాలావరకు కాష్, అంటే మళ్లీ అవసరపడొచ్చని ఉంచుకున్న డేటా. ఇంకా డిస్క్‌కి రాయాల్సింది తప్ప మిగతాది అడిగితే వెంటనే ఖాళీ అవుతుంది.

డిస్క్‌ని నడిపించే డ్రైవర్ ప్రోగ్రామ్ స్థాయిలో ఇంకో చిక్కుంది. ప్రతి రాతకూ కొత్త బఫర్ (డేటాని తాత్కాలికంగా ఉంచే మెమరీ ముక్క) అడగడం దండగ గనుక, పని తీరిన బఫర్లనే టిఫిన్ సెంటర్ ప్లేట్లలా మళ్లీ వాడతారు. డిస్క్ ఇంకా చదువుకుంటుండగానే ఆ బఫర్‌ని వేరే పనికిచ్చేస్తే, ఒక ఫైల్లోకి మరో ఫైలు ముక్క వెళ్లిపోతుంది. ఎర్రర్ మెసేజ్ కూడా రాకపోవచ్చు.

అసలు తమాషా మెమరీ నిండినప్పుడు. ఖాళీ చేయాలంటే పేరుకున్న డేటాని డిస్క్‌కి రాయాలి, రాయాలంటే మళ్లీ మెమరీ కావాలి! ఈ పీటముడి పడకుండా లైనక్స్ ‘మెమ్‌పూల్’ పేరుతో కొన్ని బఫర్లను ముందే పక్కన పెట్టుకుంటుంది.